మినీని మోంటే కార్లో మినీగా మార్చాలంటే: స్టిక్కర్ల కంటే ముందు ఆకురాయి

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను, పెట్టిన ఫోటోలూ చూశాను. చిత్తూరులో ఉంటావు. అసలు కారులో ఇరవైనాలుగో వంతు, అంటే 1:24 సైజు ఎర్ర మినీ కూపర్ డైకాస్ట్ (లోహంతో పోతపోసిన బొమ్మ కారు) ఒకటి ఉంది. దాన్ని 1964లో మోంటే కార్లో ర్యాలీ (యూరప్‌లో మంచుదారుల మీద జరిగే కార్ల పోటీ) గెలిచిన మినీగా మార్చాలి. ఆన్‌లైన్‌లో స్టిక్కర్ షీటు కూడా తెప్పించేశావు. కంపెనీ రంగు ఎలాగూ ఎరుపే కదా, దాన్ని తీయాలా? ముందు లైట్లు దేంతో చేయాలి? సామాను తిరుపతిలో దొరుకుతుందా? ఇవీ నువ్వు అడిగినవి.

ఆ స్టిక్కర్ షీటు తీసుకెళ్లి బీరువాలో పెట్టు. దానితో ఇప్పుడప్పుడే పని లేదు.

నేను ముప్పై ఏళ్లు రైలు పెట్టెలకు రంగులేసి రిటైరైనవాణ్ణి. తిరుపతిలో మా మిద్దెమీద రేకుల గది నా వర్క్‌షాపు. ఇప్పటికి చిన్న కార్లు నలభై దాకా విప్పి ఉంటాను, వాటిలో మినీలే ఆరు. మొదటి రెండూ చెడగొట్టాను. అవెలా చెడాయో కూడా మధ్యలో చెబుతాను, నీకు పనికొస్తుంది.

నీ ఫోటోలో ఉన్నది 1990ల నాటి మినీ. తలుపుల బందులు బయటికి కనిపించడం లేదు, కిటికీ అద్దం ఒకటే ముక్క, చక్రాల మీద గొడుగుల్లా పొడుచుకొచ్చిన ప్లాస్టిక్ ఆర్చ్‌లు ఉన్నాయి, రిమ్ములు పెద్దవి, సీట్లకు తలదిండ్లు ఉన్నాయి. ఇది ఇలాగే ఉండగా తలుపు మీద పోటీ నంబరు 37 అంటిస్తే, పట్టుపంచె కట్టి స్పోర్ట్స్ షూ వేసుకున్న పెళ్లికొడుకులా ఉంటుంది. చాలామంది రేసు కారు అనగానే ఏం చేర్చాలా అని చూస్తారు. పాత కారు చేసేటప్పుడు ముందు ఏం తీసేయాలో చూడాలి. తీయాల్సినవి తీసేస్తే, ఒక్క స్టిక్కర్ కూడా లేకుండానే అది 1964 కారులా కనిపించడం మొదలుపెడుతుంది.

దానికంటే ముందు ఏ కారో తేల్చుకో. ‘మోంటే కార్లో మినీ’ అంటే చాలదు. మినీ ఆ ర్యాలీని 1964, 1965, 1967లలో గెలిచింది, మూడుసార్లూ మూడు వేరు వేరు కార్లు. నువ్వడిగింది ప్యాడీ హాప్‌కిర్క్ నడిపి, హెన్రీ లిడ్డన్ దారి చూపిన మోరిస్ మినీ కూపర్ ఎస్. ఇంజన్ 1071 సీసీ. నంబర్ ప్లేటు 33 ఈజేబీ, పోటీ నంబరు 37. మిన్స్క్ నుంచి బయల్దేరి మంచులో మోంటే కార్లో చేరింది. రెండో స్థానంలో వచ్చిన బో యుంగ్‌ఫెల్ట్ నడిపింది 4.7 లీటర్ల వీ8 ఫోర్డ్ ఫాల్కన్. ఇంజన్ సైజును బట్టి చిన్న కార్లకు వెసులుబాటు ఇచ్చే హ్యాండిక్యాప్ లెక్క మినీకి కలిసొచ్చింది కానీ, మంచులో అంత చిన్న కారు ఆ పెద్ద కారు పక్కన నిలబడటమే గొప్ప. 1965లో గెలిచిన టీమో మాకినెన్ కారు నంబరు 52, ప్లేటు ఏజేబీ 44బీ. 1967లో రౌనో ఆల్టోనెన్‌ది 177. నీ స్టిక్కర్ షీటు ఫోటో పెద్దది చేసి చూశాను, దాంట్లో 37, 52 రెండూ ఉన్నాయి. రెండూ ఒకే కారు మీద అంటించినవాళ్లను కూడా చూశాను, అందుకే చెబుతున్నా.

33 ఈజేబీ ఇప్పటికీ ఉంది, ఇంగ్లండ్‌లో గేడన్ దగ్గర బ్రిటిష్ మోటార్ మ్యూజియంలో. నెట్‌లో నీకు దొరికే రంగుల ఫోటోల్లో ఎక్కువ అక్కడ తీసినవే. రంగు కోసం అవి చూడు. లైట్లు ఎన్ని, ఏ ఎత్తులో, అద్దాలు ఎక్కడ, ప్లేట్లు ఎక్కడ అన్నవాటికి మాత్రం 1964 జనవరిలో ర్యాలీ జరిగేటప్పుడు తీసిన నలుపు తెలుపు ఫోటోలే నమ్ము. మ్యూజియం కారుకు అరవై ఏళ్లలో ఎన్ని చేతులు పడి ఉంటాయో. ముందు, వెనుక, పక్క, ఈ మూడు వైపుల ఫోటోలు ప్రింట్ తీసి బల్ల ముందు గోడకు అంటించుకో. ఫోన్‌లో చూస్తూ చేస్తే తెర మీద రంగు చేతులు పడతాయి, అనుభవం.

తర్వాత వెర్నియర్ (సన్న కొలతలు తీసే స్కేలు) తీసుకుని కొలతలు చూడు. అసలు మినీ పొడవు 3,054 మిల్లీమీటర్లు, ముందు చక్రం నుంచి వెనుక చక్రానికి 2,036, వెడల్పు 1,410. వీటిని 24తో భాగిస్తే పొడవు 127, చక్రాల దూరం 85కు కాస్త తక్కువ, వెడల్పు 59కి కాస్త తక్కువ రావాలి. పొడవు, చక్రాల దూరం సరిపోతే బాడీ మంచిదే. వెడల్పు మాత్రం నీ కారుకు ఎక్కువ వస్తుంది, ఆ ఆర్చ్‌ల వల్ల.

ఇప్పుడు విప్పడం. అడుగున స్క్రూలుంటే అదృష్టం, రివెట్లుంటే 3 మి.మీ. బిట్టుతో తల మాత్రం తొలిచెయ్. అద్దాలు, లైట్లు, గ్రిల్లు, సీట్లు అన్నీ లోపలి నుంచి మెల్లగా నెట్టి తీసి డబ్బాలో పెట్టు. లోహం తప్ప ప్లాస్టిక్ ఏదీ బాడీకి మిగలకూడదు.

పాత రంగు తీయాలా అన్నావు. తీయాలి. కంపెనీ రంగు మందంగా ఉంటుంది, తలుపు గీతలు సగం పూడిపోయి ఉంటాయి. దానిమీద ప్రైమరు, మళ్లీ రంగు, మళ్లీ క్లియర్ వేస్తే ఆ గీతలు కనబడకుండా పోతాయి. పైగా నువ్వు ఆకురాయి పట్టబోతున్నావు, ఎలాగూ సగం పోతుంది. కార్ల రంగుల అంగట్లో దొరికే పెయింట్ రిమూవర్ జెల్ చాలు. గ్లవ్స్, కళ్లద్దాలు వేసుకుని గాలాడే చోట బ్రష్‌తో పూసి పాలిథిన్ కవర్లో చుట్టిపెట్టు. పావుగంటకు రంగు ముడతలు పడి పొట్టులా లేస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది సబ్బునీళ్లతో కడుగు.

కాస్టిక్ సోడా జోలికి మాత్రం పోవద్దు. నా మొదటి మినీ అలాగే పోయింది. రాత్రి బకెట్లో వేసి పడుకున్నాను, పొద్దున చూస్తే బాడీ నల్లబడి, గుంటలు పడి, కిటికీ స్తంభాలు సన్నగా అరిగిపోయి ఉన్నాయి. డైకాస్ట్ బాడీ ఇనుము కాదు, జింక్ మిశ్రమం. అందులో సుమారు 4 శాతం అల్యూమినియం ఉంటుంది. కాస్టిక్ ఆ రెంటినీ తినేస్తుంది.

ఇక ఆర్చ్‌లు. ప్లాస్టిక్‌వి విడిగా ఊడొస్తే సరే, కింద రెండు చిల్లులు పూడిస్తే చాలు. బాడీతో కలిపి పోతపోసినవైతే ఆకురాయితో అరగదీయాలి. జింక్ మెత్తన. నాలుగు గీకులకే ఆకురాయి పళ్ల సందుల్లో ఇరుక్కుని గడ్డకడుతుంది. ఆ గడ్డ తర్వాతి గీకులో బాడీ మీద లోతుగా గీత పెడుతుంది, ఆ గీత పూడ్చడానికి మళ్లీ గంట. దీనికి పలకమీద రాసే సుద్దముక్క చాలు. ఆకురాయి మీద నిండుగా సుద్ద రుద్ది అప్పుడు గీకు. పది గీకులకొకసారి తట్టి, వైరు బ్రష్‌తో దులిపి, మళ్లీ సుద్ద. పొడి తెల్లగా, సన్నగా రాలుతుంటే సరిగ్గా చేస్తున్నట్టు. చెవికి కూడా తెలుస్తుంది, శబ్దం సరసరమని ఉండాలి, కీచుమంటే ఆగిపో. ఒక్కో ఆర్చ్‌కు నాకు నలభై నిమిషాలు పట్టింది. డ్రిల్లుకు గ్రైండింగ్ రాయి పెట్టి తొందరగా కానిద్దామనుకుంటావు, అనుకోవద్దు. ఫెండర్ వంపు పోతే మళ్లీ తేలేవు. చివర్లో 400, 600 వాటర్ పేపరు తడిపి రుద్దు. పల్లాలు ఎమ్‌సీల్‌తో, సన్న గీతలు కార్లకు వాడే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్, తొందరగా ఆరే రకం) పుట్టీతో నింపు.

బందులు మినీ వయసు చెప్పేస్తాయి. 1969కి ముందు మినీ తలుపు బందులు బయటికి కనబడేవి, తలుపుకు రెండు, ముందువైపు అంచున. అవి లేకుంటే ఎంత అందంగా రంగు వేసినా తెలిసినవాడు దూరం నుంచే పట్టేస్తాడు. గుండుసూది తల కత్తిరించి, 4 మి.మీ. ముక్క నిలువుగా అంటించి, రెండు వైపులా కాగితమంత పలచని ప్లాస్టిక్ షీటు చిన్న రెక్కలుగా పెట్టు. సూపర్ గ్లూ చుక్క సూదిమొనతో పెట్టాలి, ట్యూబ్‌తో కాదు. తలుపు తెరుచుకునే మోడల్ అయితే బందు సగభాగం తలుపుకు, సగం బాడీకి అంటుకుని ఇక ఎప్పటికీ తెరుచుకోదు. నేనైతే తలుపులు మూసి అంటించేస్తాను. తెరుచుకునే తలుపు పిల్లల సరదా, దాని చుట్టూ ఉండే సందు 24 రెట్లు చేసి చూస్తే పిల్లి దూరేంత ఉంటుంది.

కిటికీలు కూడా మారాలి. అప్పటి మినీ అద్దాలు కిందికి దిగేవి కావు, పక్కకు జరిగేవి. పాత ఓహెచ్‌పీ షీటు (ప్రొజెక్టరుకు వాడే పారదర్శక ప్లాస్టిక్) రెండు ముక్కలు కత్తిరించి, మధ్యలో ఒకదానిమీద ఒకటి కాస్త ఎక్కేలా పెడితే చాలు, ఆ నిలువు అంచు కనబడగానే కారు ముప్పై ఏళ్లు వెనక్కి పోతుంది. వెనుక అద్దం పాత కారుకు చిన్నది, లోపలి నుంచి ప్లాస్టిక్ పట్టీ అంటించి పుట్టీతో కలిపెయ్. వెనుక లైట్లు కూడా చిన్న కోడిగుడ్డు ఆకారంవి, నీ కారుకున్న పెద్ద చదరపు లైట్ల గుంటలు పూడ్చాల్సిందే.

గ్రిల్లు, చక్రాలు చేత్తో చేయడం కష్టం. చక్రాల లెక్క చూడు: 1964 మినీ రిమ్ము 10 అంగుళాలు, 24తో భాగిస్తే 10.6 మి.మీ. నీ కారుది 12 అంగుళాల రిమ్ము, 12.7 మి.మీ. టైరు బయటి సైజు మాత్రం రెంటికీ ఇంచుమించు ఒకటే, 20, 21 మి.మీ. అంటే పాత కారుకు రబ్బరు మందంగా, లోపల ఇనుప డిస్కు చిన్నదిగా కనిపించాలి. లేత్ షాపులో అడిగి చూశాను, ఇంత చిన్న పని వాళ్లు ముట్టుకోరు. అందుకే టామియా వాళ్ల 1:24 మోరిస్ మినీ కూపర్ 1275ఎస్ ర్యాలీ ప్లాస్టిక్ కిట్ ఒకటి తెప్పించుకో. దాంట్లోంచి చక్రాలు, గ్రిల్లు, వెనుక లైట్లు, సీట్లు తీసుకో. గ్రిల్లు అంటించేముందు పట్టీలు లెక్కపెట్టు, అప్పట్లో మినీని రెండు పేర్లతో అమ్మేవారు, మోరిస్ కూపర్‌కు ఏడు, ఆస్టిన్ కూపర్‌కు పదకొండు. మరి అదే కిట్ మొత్తం కట్టేస్తే పోలా అంటావేమో. పోతుంది, నిజంగానే తేలిగ్గా పోతుంది. కానీ చేతిలోకి తీసుకున్నప్పుడు లోహం బరువు వేరు, అది తెలిసినవాడివి కాబట్టే డైకాస్ట్ కొన్నావు.

రంగు దగ్గరికొస్తే కాసేపు ఆగాలి, ఇది నా సొంత పని.

ఆ కార్ల ఎరుపు పేరు టార్టన్ రెడ్, పైకప్పు తెలుపు పేరు ఓల్డ్ ఇంగ్లిష్ వైట్. ఎరుపు కాస్త ముదురు, మారుతీ ఎరుపులా మెరిసిపోయేది కాదు. తెలుపు అసలు తెలుపే కాదు, పాలమీద మీగడ రంగు. పదిమందిలో తొమ్మిదిమంది పైకప్పుకు రిఫ్రిజిరేటర్ తెలుపు వేసి పాడుచేస్తారు. తిరుపతిలో కార్ల రంగులు కలిపిచ్చే అంగళ్లు ఉన్నాయి, చిత్తూరులోనూ ఉంటాయి. మ్యూజియం కారు ఫోటో మంచి ప్రింటు తీసి పట్టుకెళ్లి, ఎన్‌సీలో వంద మిల్లీలీటర్లు కలపమను. తెలుపులో పసుపు రెండు చుక్కలు, నలుపు సూదిమొనంత. ఎరుపు, కలిపినదానికంటే ఒక ఛాయ లేతగా ఉంచు. చిన్న వస్తువు మీద ఏ రంగైనా ముదురుగా కనిపిస్తుంది.

ముందు ఎచ్ ప్రైమరు (లోహాన్ని కొరికి పట్టుకునే రకం) వేయాలి, మామూలు ప్రైమరు జింక్ మీద నిలబడదు, గోరుతో గీకితే పొరగా లేస్తుంది. తర్వాత మొత్తం బాడీకి మీగడ తెలుపు. ఆ తర్వాతే ఎరుపు. ఈ వరస తిరగెయ్యొద్దు. నా రెండో మినీకి ముందు ఎరుపు కొట్టి, పైకప్పు మీద తెలుపు వేశాను. సాయంత్రం చూస్తే తెల్లగానే ఉంది. మూడోనాటికి పైకప్పు రోజ్ మిల్క్ రంగులోకి వచ్చింది. ఎరుపులో ఉండే రంగుపొడి మీద వేసిన తెలుపులోకి ఊరి పైకి తేలుతుంది. ఇంకో కోటు వేశాను, అదీ రోజ్ మిల్కే.

తెలుపు రెండు రోజులు ఆరాక పైకప్పును మాస్కింగ్ టేపుతో కప్పు. పైకప్పు చుట్టూ వాననీళ్లు జారే సన్న గట్టర్ ఉంటుంది కదా, రంగు మారే గీత సరిగ్గా దానిమీద రావాలి. సన్న టేపు వాడు, చెన్నైలో గానీ ఆన్‌లైన్‌లో గానీ దొరుకుతుంది. హార్డ్‌వేర్ అంగడి టేపే వాడాల్సి వస్తే, గాజుపలక మీద అంటించి కొత్త బ్లేడుతో అంచు కత్తిరించి వాడు. టేపు అంచును గోటితో నొక్కి, ఆ అంచు మీద మళ్లీ తెలుపే ఒక పలుచని పొర కొట్టు. టేపు కింద ఎక్కడైనా సందు ఉంటే ఆ తెలుపే పోయి పూడుస్తుంది, తర్వాత కొట్టిన ఎరుపు లోపలికి దూరలేదు. ఎరుపు నాలుగు పలుచని కోట్లు, కోటుకూ కోటుకూ పది నిమిషాలు. చివరి కోటు తర్వాత అరగంటకు, ఇంకా పచ్చిగా ఉండగానే టేపు వెనక్కి మడిచి మెల్లగా లాగు.

మన వాతావరణం గురించి ఒక మాట. మే నెల మధ్యాహ్నం స్ప్రే కొడితే రంగు గాల్లోనే ఆరి ఇసుకలా పడుతుంది. అక్టోబరు, నవంబరు వానల్లో కొడితే ఎన్‌సీ రంగు పాలిపోయి బూడిద పట్టినట్టు అవుతుంది, గాలిలో తేమ దాంట్లో చిక్కుకుంటుంది. పొడి రోజు చూసుకుని పొద్దున ఏడు గంటలకు, దుమ్ము లేవకముందే కొట్టెయ్. రంగు కొట్టిన వెంటనే ఎండలో పెట్టొద్దు, బొబ్బలొస్తాయి. ఒకరోజు నీడలో ఆరాక మాత్రం మిద్దెమీద ఎండ మంచి ఓవెన్.

లైట్ల గురించి అడిగావు. ఈ కారు మొహమంతా లైట్లే, ఎన్నో ఎక్కడో ఫోటో చూసి పెట్టు. 7 అంగుళాల లైటు 1:24లో 7.4 మి.మీ. ఉంటుంది. టైలరింగ్ సామాన్ల అంగట్లో టిచ్ బటన్లు అడుగు, సైజులవారీగా ఉంటాయి. గిన్నెలా ఉండే సగం లైటు బాడీకి అచ్చం సరిపోతుంది. లోపల క్రోమ్ పెన్ను పూసి, మీద రెండు భాగాల క్లియర్ ఎపాక్సీ ఒక చుక్క వెయ్. అది తనంతట తానే ఉబ్బెత్తుగా లెన్సులా నిలుస్తుంది. చీరలకు కుట్టే మెరుపురాళ్లు వాడొద్దు, ముఖాలు ముఖాలుగా మెరిసి దీపావళి అవుతుంది. లైట్లను తక్కువగా చూడకు తమ్ముడూ, 1966లో మొదటి మూడు స్థానాల్లో వచ్చిన మినీలను పోటీ నుంచి తీసేసింది హెడ్‌లైటు బల్బుల పేరు చెప్పే.

లోపలి పని ఎక్కువ కనబడదు, తొందరగా కానిచ్చెయ్. సీట్ల తలదిండ్లు కోసెయ్. స్పీడోమీటరు డ్యాష్‌బోర్డు నడుమ గుండ్రంగా ఉండాలి, దానికి రెండు వైపులా ఒక్కో చిన్న మీటరు. కావాలంటే పక్క సీటు ముందు హాల్డా దూరం మీటరు డబ్బా ఒకటి, అగ్గిపుల్ల ముక్కతో చెయ్యి.

ఇప్పుడు బీరువా తెరువు. నీ షీటు వినైల్ అయితే వాడకు. వినైల్ 0.1 మి.మీ. మందమే కావచ్చు, 24 రెట్లు చేస్తే అసలు కారు మీద దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల అట్ట అంటించినట్టు. నీళ్లలో నానబెట్టి జార్చే డెకాల్ అయితేనే పలచగా రంగులో కలిసిపోతుంది. లేజర్ ప్రింటరుకు సరిపడే డెకాల్ పేపరు ఆన్‌లైన్‌లో వస్తుంది. జిరాక్స్ అంగడివాళ్లు కొందరు తెలియని పేపరు మెషిన్లో పెట్టనివ్వరు, ముందే అడిగి వెళ్లు. ప్రింటరు తెలుపు వేయదు, కాబట్టి తెల్ల డెకాల్ పేపరే కొను. నంబర్ ప్లేటు మాత్రం నల్లటి పలకమీద తెల్ల అక్షరాలు. తెల్లవీ పసుపువీ మెరిసే ప్లేట్లు ఆ తర్వాత వచ్చినవి. క్లియర్ కోటు వేసిన నున్నటి రంగుమీదే డెకాల్ పెట్టు, గరుకు మీద పెడితే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది.

దీని తర్వాత ఇంకోటి చేసే ఓపిక ఉంటే మన దగ్గరి కారు చెయ్. చిన్నప్పుడు మా మేనమామ నన్ను చెన్నై దగ్గరి షోలవరం రేసులకు తీసుకెళ్లాడు. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే అది, దానిమీద ఫియట్‌లు మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం గాల్లోకి లేచేది. ఆ కారు నేనింకా చేయలేదు, సరైన ఫోటో దొరక్క.

ఆర్చ్‌లు తీసి, బందులు పెట్టి, ప్రైమరు కొట్టాక ఒక ఫోటో పెట్టు. బూడిదరంగు ప్రైమరు మీద తప్పులన్నీ కనిపిస్తాయి. ఎడమ ముందు ఫెండర్‌ను పక్క నుంచి, ఎండ అడ్డంగా పడేటప్పుడు తియ్యి. అది చూసి చెబుతాను, రంగు కొట్టొచ్చో, మళ్లీ సుద్దముక్క పట్టాలో.